ఓబులమ్మ నిలకడ

కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కనుమ కింద కుమ్మరిపల్లె ఉండేది. అక్కడ కుండలు చేసేవాళ్లు చేసేవాళ్లే, మోసేవాళ్లు మోసేవాళ్లే. ఓబులమ్మ మోసేది. తలమీద గుడ్డతో చుట్టిన చుట్టకుదురు, దానిమీద కుండల దొంతర, కనుమ దాటి సంతకు.

ఒకనాడు కనుమలో రాయి జారింది. ఓబులమ్మ చీలమండ మడతపడింది. కుండలు పగిలాయి.

సంత ఆగదని, వాపు తగ్గీతగ్గకముందే బరువెత్తుకుంది. ఈసారి ఇసుకలో కాలు మడతపడింది. కుండలు పగిలాయి.

మూడోసారి రాయీ లేదు, ఇసుకా లేదు. చదును నేల. అయినా కాలు మడతపడింది. కుండలు పగిలాయి.

మూడుసార్లు పగలగొట్టినవాళ్లు చుట్టకుదురు ఇచ్చెయ్యాలి. అది ఆ పల్లె కట్టుబాటు. పెద్దకుమ్మరి నాగన్న చెయ్యి చాచాడు.

"ఇట్లియ్యి, ఓబులమ్మా."

"వచ్చే ఆవంలో కుండలు కాలేదాకా ఆగు మామా. మోత తప్ప నాకేం వచ్చు?"

నాగన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆ ఒక్కసారే."

అత్త లింగమ్మ కోడలి కాలు ఒళ్లో పెట్టుకుని, ఎముకలన్నీ తడిమి చూసింది.

"ఎముక చెడలేదు. చెడి ఉంటే కట్టు కట్టేవాడి దగ్గరికే పోవాలి. వాపు పూర్తిగా తగ్గనీ. నీ కాలు నిలవడం మరిచిపోయిందే. బిడ్డకు నేర్పినట్టు మళ్లీ నేర్పు."

"ఎట్లా అత్తా?"

"ఆ కాలు ఒక్కదాని మీదే నిలబడు. పడబోతే కర్ర పట్టుకో. నొప్పెడితే మానుకో."

వాపు తగ్గాక, పొద్దున చెలమ దగ్గర కుండ నిండేదాకా నిలబడింది. మధ్యాహ్నం సంగటి ఉడికేదాకా నిలబడింది. సాయంత్రం మేకలు ఇల్లు చేరేదాకా నిలబడింది.

"ఏం మే కొంగా, చేపలు పడ్డాయా?" అని నీళ్లకొచ్చిన ఆడవాళ్లు నవ్వారు.

"పడితే పులుసు మీకే పంపిస్తాలే," అంది ఓబులమ్మ, ఊగుతూనే.

మొదట కర్ర గట్టిగా పట్టుకుంది. తర్వాత వేలు ఆనించింది. ఆ తర్వాత కర్రనెక్కడ పెట్టిందో మరిచిపోయింది.

ఆవం కాలింది. నాగన్న తనే దొంతరను ఆమె తలకెత్తి, వెనకే నడిచాడు. కనుమలో మళ్లీ రాయి జారింది. కాలు ఒరిగింది. వెంట వచ్చిన ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు.

కాలు నిలదొక్కుకుంది. కుండలు ఒకదానికొకటి తగిలి ఠంగుమన్నాయి, అంతే.

"పో తల్లీ," అన్నాడు నాగన్న. "కుదురు నీదే."

ఓబులమ్మ ముసలిదై కన్నుమూశాక, ఆ చుట్టకుదురును కనుమ మొదట్లో ఒక రాతిమీద పెట్టారు. చివికిపోతే కొత్తది పెడతారు. ఇప్పటికీ బరువెత్తుకున్నవాళ్లు అక్కడ కాసేపు ఈ కాలిమీద, కాసేపు ఆ కాలిమీద నిలబడ్డాకే కనుమెక్కుతారు.

దూరానికి పోయే బిడ్డల్ని ఆ పల్లె తల్లులు గడపలోనే ఆపుతారు. "ఏదీ, ఓబులమ్మలా నిలబడి చూపించు," అంటారు. బిడ్డ నిలబడేదాకా చెయ్యి చాచి ఉంచుతారు. నిలబడ్డాక, మెల్లగా తీసేస్తారు.