కండువా కప్పుకున్న తమ్ముడు

అనగనగా రత్నగిరి అని ఒక నగరం. ఆ ఊళ్లో మనిషి ముఖం ఎవరూ చూసేవారు కాదు, భుజం చూసేవారు. భుజాన పట్టు కండువా ఉంటే "దయచేయండి" అనేవారు. నూలు కండువా ఉంటే "రావయ్యా" అనేవారు. ఏమీ లేకపోతే "ఏరా, ఎక్కడికి?" అనేవారు.

నగరానికి ఆమడ దూరంలో ఓబన్న, తిప్పన్న అనే అన్నదమ్ములు ఒకే మగ్గం మీద నేసుకుని బతికేవారు. ఒకనాడు నగరంలోని వర్తకుడొకడు పట్టు దారం పంపి కండువా నేయమన్నాడు. ఓబన్న నేశాడు. అప్పగించి రావడానికి తిప్పన్న బయలుదేరాడు.

ఎండ మాడుస్తోంది. తిప్పన్న కండువా నెత్తిన కప్పుకున్నాడు. కోట దగ్గరికి వచ్చేసరికి అది భుజం మీదికి జారింది. "ఈసారి ఎన్ని గోచీలు నేశావురా?" అని ఎప్పుడూ వెక్కిరించే ద్వారపాలకుడు ఆనాడు వంగి దారి ఇచ్చాడు. సత్రం అధికారి పీట వేసి నేతితో భోజనం పెట్టాడు. తమరిది ఏ సంస్థానమని అడిగితే తిప్పన్న నోటికొచ్చిన పేరు చెప్పాడు. ఆ కబురు రాజుగారి దాకా పోయి, కొలువు నుంచి పిలుపు వచ్చింది. బట్టను వేలితో తడిమి మంచిచెడ్డలు చెప్పే ఆ దొరను రాజు తన వస్త్రశాలకు అధికారిని చేశాడు.

తిప్పన్న ఇక ఇంటిదారి పట్టలేదు.

కండువా అందలేదని వర్తకుడు ఫిర్యాదు చేశాడు. భటులు ఓబన్నను సభకు ఈడ్చుకొచ్చారు. దారం కాజేసినట్టు తేలితే మగ్గం విరిచేస్తారు.

తమ్ముడికి ఇచ్చి పంపానని ఓబన్న చెప్పుకున్నాడు. చెబుతూ తలెత్తి, రాజు పక్కన కూర్చున్న మనిషిని చూశాడు.

"ఒరే తిప్పా, బతికే ఉన్నావట్రా" అన్నాడు.

సభ నవ్వింది. రాజు నవ్వలేదు. "మీరు ఇతన్ని ఎరుగుదురా?" అని తన అధికారిని అడిగాడు.

తిప్పన్న అన్న ముఖం చూడలేదు. భుజం చూశాడు. దాని మీద ఏమీ లేదు.

"ఎరగను ప్రభూ" అన్నాడు.

తిప్పన్న భుజాన ఉన్నది ఆ కండువాయే. వర్తకుడు దాన్ని ఎన్నడూ చూడలేదు గనక పోల్చుకోలేదు. కాని కుచ్చులకు ఓబన్న వేసే ముడి మరెవరూ వేయరు. పట్టి చూపిస్తే చాలు, మగ్గం దక్కుతుంది. అయితే రాజును మోసగించినవాడికి ఆ రాజ్యంలో శిక్ష ఒక్కటే, ఉరి.

ఓబన్న చాలాసేపు ఆ కుచ్చుల వంక చూశాడు.

"పొరపాటు పడ్డాను ప్రభూ. వీరు మావారు కారు" అన్నాడు.

ఆ సాయంత్రమే మగ్గం విరిచారు. ఓబన్న రాళ్లు మోసే కూలికి పోయాడు.

ఆనాటి నుంచి తిప్పన్నకు అన్నం సహించలేదు. ఎవరు వంగి నమస్కరించినా ముఖం తిప్పుకుని పోయేవాడు. ఏడాది తిరక్కముందే కొలువూ కండువా వదిలేసి, అన్న గుమ్మం ముందు నిలబడ్డాడు. "అన్నా, నేను తిప్పణ్ణి" అన్నాడు.

ఓబన్న కోప్పడలేదు. చాప వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. ఆ తరువాత నెమ్మదిగా చెప్పాడు.

"నాకు తమ్ముడు లేడని నిండు సభలో తేలిపోయింది బాబూ. తేల్చింది తమరే."

తిప్పన్న నీళ్లు తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అయినవాళ్లకు ముఖం చాటేసినవాడికి, మళ్లీ ఆ ముఖం చూపించుకునే చోటు మిగలదు.