గాజులవీధి గట్టు

జకరయ్య గీసిన వీధిని జనానికి తెరిచిన రోజు నుంచీ సుభాషిణికి అన్నం సయించడం లేదు.

ఇద్దరూ కామేశం మాస్టారి శిష్యులే. ఊళ్ళకు వీధులు గీయడంలో ఆయన పెట్టింది పేరు. ఉద్యోగం మానేశాక ఇంటి వరండాలోనే పాఠం చెప్పేవారు.

గోదావరి ఒడ్డునున్న ఆ ఊళ్ళో గాజులవీధి ఇరుకు. కార్లు, సైకిళ్ళు, మనుషులు అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాల్సిందే. దాన్ని బాగుచేయడానికి మునిసిపాలిటీ వాళ్ళు ఇద్దరి చేతా ప్లాన్లు గీయించి, జకరయ్యది తీసుకున్నారు. కార్లకు ఒక దారి, సైకిళ్ళకు ఒకటి, నడిచేవాళ్ళకు గట్టులా ఎత్తుగా ఇంకొకటి, నడుమ రాతి గట్లు.

వీధి బాగుందని ఎవరైనా అంటే చాలు, సుభాషిణికి ఒళ్ళు మండేది. పనులు మానుకుని మరీ వెళ్ళి తప్పులు వెతికేది. పదకొండు దొరికాయి.

కార్లు ఆపుకునే చోటు పోయిందని దుకాణాలవాళ్ళు అప్పటికే కమిషనర్ చుట్టూ తిరుగుతున్నారు. ఈ తప్పులన్నీ రాసిన తన ఉత్తరం కూడా ఆయనకు చేరితే గట్లు పీకేస్తారని ఆమెకు తెలుసు. తెలిసే రాసింది. ఇచ్చేముందు మాస్టారికి చూపించింది.

ఆయన ఆసాంతం చదివారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఓసారి గాజులవీధికి నడిచొద్దామన్నారు.

కూడలి దాటేటప్పుడు మాస్టారు హారన్ల మోతకు బెదిరి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గాజులవీధి గట్టెక్కగానే వదిలేశారు. చేతులు వెనక్కి కట్టుకుని, దుకాణాలు చూసుకుంటూ తాపీగా ముందు నడిచారు. సుభాషిణి ఖాళీ అయిన తన చేతికేసి చూసుకుంది.

వీధి మలుపులో ఒకావిడ, చక్రాల కుర్చీలో ఉన్న భర్తను గట్టు మీదికి ఎక్కించలేక ఆగిపోయి ఉంది. అక్కడ చక్రాలు ఎక్కేందుకు వాలు కట్టలేదు. సుభాషిణీ, దారినపోయే ఇంకొకాయనా కలిసి కుర్చీని పైకెత్తారు.

"చూశారా మాస్టారూ, నేను రాసిన ఏడో తప్పు ఇదే. నెల కిందటే పట్టాను." ఆమె గొంతులో సంతోషం దాగలేదు.

"జకరయ్యకు చెప్పావా అమ్మా?"

సుభాషిణి తల అడ్డంగా ఊపింది.

మాస్టారు జేబులోంచి ఉత్తరమూ పెన్నూ తీశారు. ఉత్తరం పైన కమిషనర్ పేరు కొట్టేసి, జకరయ్య పేరు రాశారు. కింద ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కాగితమూ పెన్నూ ఆమె చేతికిచ్చారు.

సుభాషిణి అక్కడే నిలబడి మొదటినుంచీ చదువుకుంది. రాళ్ళ రంగు బాగాలేదన్న మొదటి తప్పు కొట్టేసింది. కాసేపాగి రెండోది. అలా కొట్టేసుకుంటూ పోతే కాగితం మీద ఏడోది ఒక్కటే మిగిలింది.

"వాలు ఎంతుండాలో కూడా రాయి. ఆ లెక్క మీ ఇద్దరిలో నీకే బాగా వచ్చు" అని మాస్టారు ముందుకు నడిచారు.