ఒక్క ఎర్రచుక్కా లేని తలపాగా

ముందే చెబుతున్నాను, ఈ కథలో ప్రతి ముక్కా నిజం. నా సున్నం డబ్బీ మీద ఒట్టు. ఒక్క అబద్ధం దొర్లినా రేపట్నించి నా ఆకుకి సున్నం దొరక్కుండా పోవాలి. బాబ్జీ, ఆ నవ్వు ఆపి ఇటు జరుగు. సీతాలూ, కాళ్ళు ముడుచుకో.

అనగనగా ఒక పట్నం. ఆ పట్నానికి రాజు లేడు. ఉన్న రాజు ముసలితనాన పోతే, కొత్త రాజుని వెతికే ఓపిక ఎవరికీ లేక మేయరుని పెట్టుకున్నారు. మేయరంటే పట్నానికంతటికీ పెద్ద. ఆయన పేరు కోదండపాణి. మంచి పొడగరి. ఎంత పొడగరి అంటే కొబ్బరికాయలు కొయ్యాలంటే వంగాలి.

ఆయనకి రెండు అలవాట్లు. పొద్దస్తమానం ఆకూవక్కా నమలడం ఒకటి. ఆకుకి సున్నం రాసుకుని, వేలికి మిగిలింది సభ గుమ్మం స్తంభానికి తుడిచేవాడు. అలా తుడిచీ తుడిచీ ఆ స్తంభం ఏనుగంత లావైంది. రెండోది తలపాగా. పసుపులో ముంచిన పచ్చటి తలపాగా నౌకరు తలకి చుట్టిపెట్టందే గడప దాటడు. ఆ తలపాగా ఉతికి, మళ్ళీ పసుపునీళ్ళలో ముంచి, ఆరేసి ఇచ్చేది పల్లపువీధిలో బట్టలుతికే గవిరమ్మ కోడలు నూకాలు. ఈ పిల్లని గుర్తుపెట్టుకోండి.

ఊ కొట్టాలి మరి. మీరు ఊ కొట్టకపోతే కథ గుమ్మంలోనే నిలబడిపోతుంది.

ఆ పట్నం సభలో పదకొండుమంది. మిట్టవీధి వాళ్ళు ఐదుగురు, పల్లపువీధి వాళ్ళు ఐదుగురు, పైన మేయరుగారు. ఏ సంగతి తేలాలన్నా చేతులెత్తాలి. ఎన్ని చేతులు లేచాయో గుమాస్తా పుస్తకంలో రాస్తాడు. ఎవరి చేతులో మాత్రం రాయడు. ఒకసారి సిరా పడిందంటే దేవుడు దిగొచ్చి చెప్పినా కొట్టెయ్యరు. అది వాళ్ళ ఆచారం.

ఒకనాడు మిట్టవీధి వాళ్ళు తోట వేసుకుంటామని, ఏటిగట్టు మీద గుడిసెలు తీయించమని అడిగారు. ఐదు చేతులు లేచాయి. ఆరో చెయ్యి లేచింది. గుడిసెలు పోయాయి. అందులో గవిరమ్మ పెద్దకొడుకు గుడిసె ఒకటి. వాడు పెళ్ళాంబిడ్డల్ని బండెక్కించుకుని ఎటు పోయాడో, ఇప్పటికీ కబురు లేదు.

మర్నాడు మేయరుగారు గవిరమ్మ అరుగుమీద కూలబడి ఏడ్చాడు. ఏమేడుపనుకున్నారు, ఆ కన్నీళ్ళకి వీధిలో బాతులు ఈదాయి.

"నేనెత్తలేదమ్మా గవిరమ్మా. తలపాగా జారితే సర్దుకుందామని చెయ్యి పైకి పెట్టాను. ఆ గుమాస్తాకి చూపు ఆనదు. దాన్నీ లెక్కేసి రాసేశాడు" అన్నాడు.

కొడుకు పోయిన మనిషి, ఆవిడే తన కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది.

తరవాత బడి. ఐదు చేతులు లేచాయి, ఆరో చెయ్యి లేచింది, బడి మూతపడింది. తరవాత వైద్యుడు. చెయ్యి లేచింది, వైద్యుడు పోయాడు. వైద్యుడు పోయాడు, జ్వరం వచ్చింది. జ్వరం వచ్చింది, పల్లపువీధిలో ఏడు ఉయ్యాలలు ఖాళీ అయ్యాయి. ఏడంటే ఏడే. మిగతావి నేను కాస్త పెంచి చెబుతానేమో గానీ, ఇది పెంచలేదు.

మేయరుగారు ఏడిళ్ళకీ వెళ్ళి ఏడ్చాడు.

దాంతో పట్నం రెండు ముక్కలైంది. "మనిషి మంచోడేరా, తప్పంతా తలపాగాది" అని కొందరు. "తలపాగాదే తప్పయితే బోడితలతో రమ్మనరా" అని కొందరు. అన్నదమ్ములు నట్టింట్లో గోడ కట్టుకున్నారు. ఒక పెళ్ళికొడుకైతే పీటల మీద కూర్చున్నాక, మీరు తలపాగా పక్షమా కాదా అని మావగారిని అడిగి, తాళి జేబులో వేసుకుని లేచిపోయాడట. పాపం ఆ పిల్ల పారాణి కూడా ఆరలేదు.

చివరికి మంచోడన్నవాళ్ళ మాటే నెగ్గింది. తలపాగా పొట్టిదై జారుతోందని తేల్చారు. పల్లపువీధి వాళ్ళే ఇంటింటా నూలు పోగుచేసి, పొడుగుది నేయించి ఇచ్చారు. ఇరవై మూరలు. అదీ జారింది. నలభై మూరలు. అదీ జారింది. ఆఖరికి నాలుగువందల మూరలు. రెండు గాడిదలు మోస్తే గానీ రేవుకి చేరేది కాదు. గవిరమ్మ తన ఎర్రచీర చెరుగు చింపి, ఆ పోగులు పసుపులో నానబెట్టి మరీ ఇచ్చింది.

ఊ అంటున్నారా, గుర్రు పెడుతున్నారా?

ఇంతలో కాలవ వంతు వచ్చింది. పల్లపువీధికి తాగే నీళ్ళూ, ఉతుక్కునే రేవూ అన్నీ ఆ కాలవే. మిట్టవీధి తోటలో ఫౌంటెను పెడతారట, కాలవ అటు తిప్పాలట. నూకాలు చంకలో మూడునెలల పిల్ల. కాలవ పోతే ఆ ఇల్లు కూడా బండెక్కాల్సిందే.

సభకి ముందురోజు నూకాలు తలపాగా ఆరేస్తోంది. అత్త అడిగితే ఆకుకి సున్నం రాసి చుట్టి ఇచ్చి, ఆ వేలితోనే తలపాగా అంచు సర్దింది. పచ్చటి గుడ్డ మీద ఎర్రగా వేలిముద్ర పడింది. పసుపుకి సున్నం తగిలితే ఎరుపే కదర్రా. మీకు దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవేగా.

"చింతపండు నీళ్ళతో కడిగెయ్యవే. అయ్యగారు చూశారంటే మన పని అయిపోతుంది" అంది గవిరమ్మ.

నూకాలు ఆ ముద్ర వంకే చూస్తూ కూర్చుంది. "అత్తా, నేను కాపరానికొచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళూ ఇది ఉతికాను. అయ్యగారి వేళ్ళకి ఎప్పుడూ సున్నమే. దీనిమీద ఒక్క ఎర్రచుక్క చూశావా నువ్వు?"

"నువ్వు తెల్లవారకుండా ఉతుకుతావు. చీకట్లో ఏం కనబడుతుంది" అంది గవిరమ్మ. అంది గానీ, ఆ పూట ఆకు నోట్లో పెట్టుకోలేదు. నూకాలు ఆ ముద్ర కడిగేసి, మళ్ళీ పసుపునీళ్ళలో ముంచి ఆరేసింది.

మర్నాడు పట్నమంతా సభ కిటికీల దగ్గరే ఉంది. ఐదు చేతులు లేచాయి. మేయరుగారి చెయ్యి మెల్లిగా తలపాగా దాకా లేచింది. గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

అప్పుడు నూకాలు కిటికీ ఊచలు పట్టుకుని గుమాస్తాని బతిమాలింది. అయ్యగారి తలపాగా జారిందేమో, ముందు అడిగి తరవాత రాయమంది. లేకపోతే అయ్యగారు మళ్ళీ మా ఇళ్ళకొచ్చి ఏడవాలి, పెద్దాయనకి ఎంత శ్రమ బాబూ అంది.

చూపు ఆనదని పేరు మోసిన గుమాస్తా. కలం పక్కన పెట్టి, అడిగేశాడు.

మేయరుగారు ఇటు చూస్తే మిట్టవీధి వాళ్ళు. అటు చూస్తే కిటికీల నిండా కళ్ళు. నోటికి అలవాటైన మాటే వచ్చింది. "తలపాగా సర్దుకున్నానయ్యా."

"అయితే ఐదే" అని గుమాస్తా రాసేశాడు. సిరా పడింది. కాలవ నిలిచింది.

అక్కడితో అయిపోతే బాగుండును. నూకాలు అయ్యగారి వేళ్ళు చూపించమంది. తెల్లగా సున్నం. ఆ వేళ్ళు తగిలిన తలపాగా చూపించమంది. విప్పారు. కిటికీలోంచి బయటికి చేతులు మారుతూ వచ్చింది. పచ్చగా, పచ్చగా, నాలుగువందల మూరలూ పచ్చగా.

గవిరమ్మ నేలమీద చతికిలబడి, మూర మూరా తన చేతుల్లోంచి పోనిచ్చింది. కంటికి ఆనించుకుని వెతికింది. ఆవగింజంత ఎర్రచుక్క కనబడితే చాలు, ఆనాడు తన అరుగుమీద ఆయన ఏడ్చిన ఏడుపు నిజమవుతుంది. ఆఖరి కొస వచ్చింది. అక్కడ ఎర్రగా కనబడితే ప్రాణం లేచొచ్చింది. చూస్తే అవి పసుపంటని తన చీర పోగులు. చుక్క లేదు.

ఎవరూ తిట్టలేదు. ఎవరూ రాయి విసరలేదు. నూలిచ్చిన వాళ్ళంతా తలలు వంచుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. గోడ కట్టుకున్న అన్నదమ్ములు ఎవరి గోడ పక్కన వాళ్ళు కూర్చున్నారు. తరవాత మేయరుగారు ఒక చావింటికి వచ్చి ఏడ్చాడట. పీట వేశారు, మంచినీళ్ళిచ్చారు. కళ్ళు మాత్రం ఎవరూ తుడవలేదు. బాతులు కూడా రాలేదు.

మరుసటేడు కొత్త మేయరు వచ్చాడు. సభలో అందరూ బోడితలలతోనే కూర్చోవాలన్నారు. బడి తెరిచారు, వైద్యుడు వచ్చాడు, కాలవ నిండుగా పారింది, అందరూ సుఖంగా ఉన్నారు. ఏటిగట్టు వాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఆ తలపాగా చింపి పల్లపువీధిలో ఇంటికో ఉయ్యాలగుడ్డ ఇచ్చారు. నూకాలు కూతురు అందులోనే ఊగింది. ఆ ఏడిళ్ళ వాళ్ళు మాత్రం తమ గుడ్డ మడిచి పెట్టెలో దాచుకున్నారు.

అందుకేనర్రా, ఎవరైనా మీ గుమ్మంలో కూర్చుని ఏడిస్తే కళ్ళు తుడవండి. తుడిచేముందు వేళ్ళు చూడండి.

కథ కంచి బండెక్కింది, ఇక మనం మంచాలెక్కుదాం. ఏమిటి బాబ్జీ, నిజంగా ఎర్రగా అవుతుందా అంటావా? ఇంత ఒట్టు పెట్టినా నమ్మవన్నమాట. అయితే లే. వంటింట్లో పోపులపెట్టె తీసి చిటికెడు పసుపు పట్రా. సున్నం నా దగ్గరే ఉంది.