నాలుగు వందల పన్నెండు గింజలు

పైడిరాజు కష్టమల్లా ఒకటే. అతని గింజలు మొలకెత్తలేదు.

విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర పరిశోధనకి చేరి రెండేళ్ళు దాటింది. కొండవాళ్ళు గొడుగుమాను అని పిలిచే చెట్టొకటి ఉంది. ఆ కొండల మీద ఏడే చెట్లు మిగిలాయి. పూస్తాయి, కాస్తాయి, గింజలు రాలుస్తాయి. రాలిన గింజ మాత్రం గులకరాయిలా పడి ఉంటుంది. దాన్ని మొలిపించే దారి కనిపెట్టడం పైడిరాజు పని.

వేణ్ణీళ్ళలో నానబెట్టాడు. యాసిడ్‌లో ముంచాడు. గరుకు కాగితంతో రుద్దాడు. ఫ్రిజ్‌లో పెట్టాడు. పేడలో పాతాడు. ఇలా పదకొండు పద్ధతులు అయ్యాయి. గింజలు చలించలేదు.

ఒక్కసారి మాత్రం ఒక కుండీలో పచ్చగా ఏదో తలెత్తింది. ఆ పూట పైడిరాజుకి అన్నం సయించలేదు. రోజూ స్కేలు పెట్టి దాన్ని కొలిచాడు. నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీశాడు. విజయనగరంలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. పదహారో రోజున హాస్టల్లో వంటచేసే అప్పలస్వామి అటుగా వెళ్తూ కుండీలోకి తొంగిచూశాడు.

"తోటకూర బాగొచ్చినాది బాబూ. ఇంకో నాలుగు మొక్కలుంటే పప్పులోకి సరిపోద్ది," అన్నాడు.

పైడిరాజుకి గురువు ఆచార్య పేరిందేవి గారు. ఉద్యోగ విరమణకి ఇంక రెండేళ్ళుంది. పాఠం చెప్పేటప్పుడు తప్ప ఒక మాటకి రెండో మాట కలపరని ఆవిడకి పేరు. తోటకూర సంగతి విన్నప్పుడు కూడా ఆవిడ నవ్వలేదు. "పీకెయ్యి," అన్నారు, అంతే.

గింజలు మొలవకపోవడం ఒక బాధ. దాని పైన ఇంకో బాధ ఉంది. ప్రకృతి శాస్త్రాల విభాగాలన్నీ కలిసి మూడు నెలలకోసారి 'విజ్ఞాన విశేషాలు' అని ఎనిమిది పేజీల పత్రిక వేస్తాయి. నున్నటి కాగితం, రంగుల అచ్చు. మధ్య పేజీ పేరు 'మన విజయాలు'. ఎవరి వ్యాసం ఎక్కడ అచ్చయింది, ఎవరికి ఏ బహుమానం వచ్చింది, అన్నీ అందులోనే. పైడిరాజుతో పాటే చేరిన జంతుశాస్త్రం అమ్మాయి గుహలో కొత్త సాలెపురుగుని కనిపెట్టింది. ఆ అమ్మాయి ఫోటో, పక్కనే అంతకంటే పెద్దగా సాలెపురుగు ఫోటో వేశారు. రసాయనశాస్త్రం కుర్రాళ్ళకి పేటెంటు వచ్చింది. ప్రతి సంచికా రాగానే పైడిరాజుకి అమ్మ ఫోన్ చేసేది.

"ఈసారైనా పడ్డావా నాన్నా?"

"వచ్చేసారికి పడతానమ్మా."

ఇంతలో డీన్ వీరభద్రం గారి ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి పరిశోధక విద్యార్థీ ఈ సంచికకి ఒక విశేషం పంపి తీరాలి. ఏ విశేషమూ లేనివాళ్ళ ఫెలోషిప్ పొడిగించే విషయం ఆలోచించవలసి వస్తుంది. అదీ సారాంశం.

పైడిరాజు రెండు రోజులు కూర్చుని ఒక విశేషం తయారుచేశాడు. "అంతరించిపోతున్న గొడుగుమాను విత్తనాల అంకురోత్పత్తిలో యువ శాస్త్రవేత్త పైడిరాజు అత్యంత ఆశాజనకమైన పురోగతి సాధించి, పండితుల దృష్టిని ఆకర్షిస్తున్నారు" అని మొదలై, పేజీన్నర నడిచింది. సంతకం కోసం గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

పేరిందేవి గారు మొత్తం చదివారు. పెన్సిల్ తీసుకున్నారు.

"ఎన్ని నాటావు?"

"నాలుగు వందల పన్నెండు మేడమ్."

"ఎన్ని మొలిచాయి?"

పైడిరాజు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "ఆ తోటకూరని కలుపుకుంటే..."

"కలపకు."

"ఒక్కటీ మొలవలేదు మేడమ్."

ఆవిడ పేజీన్నరనీ ఒకే గీతతో కొట్టేశారు. అడుగున గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: "పైడిరాజు రెండేళ్ళలో నాలుగు వందల పన్నెండు గొడుగుమాను గింజలు నాటారు. పదకొండు పద్ధతులు ప్రయత్నించారు. యాసిడ్‌లో ముంచినవి లోపల కుళ్ళిపోయాయి. మిగిలినవి కూడా మొలవలేదు. వివరాలు కావలసినవారు వృక్షశాస్త్ర విభాగంలో ఆయన్ని కలవవచ్చు."

కింద సంతకం పెట్టారు.

"మేడమ్, ఇది విజయాల పేజీకి," అన్నాడు పైడిరాజు నీరసంగా.

"తెలుసు."

కాగితం కవర్లో పెట్టి, అంటించి, అతని చేతికే ఇచ్చారు. "నువ్వే ఇచ్చిరా."

డీన్ ఆఫీసుకి వెళ్ళే దారిలో ఒక చెత్తబుట్ట ఉంది. పైడిరాజు దాని దగ్గర మూడుసార్లు ఆగాడు. మూడోసారి ఆగినప్పుడు ఊడ్చే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని, "పడేస్తావా, పడెయ్యవా బాబూ? బుట్ట ఎత్తాల," అంది. ఆమె ముందు పడెయ్యడానికి సిగ్గేసింది. వెళ్ళి ఆఫీసులో ఇచ్చేశాడు. ఎవరో ఒకరు చదివి పక్కన పెట్టకపోతారా అని అతని ఆశ.

ఆ ఆఫీసులో విశేషాలు వచ్చాయా లేదా అని చూస్తారు గానీ, చదవరు. పైడిరాజు పేరు పక్కన టిక్కు పడింది. మూడో రోజున ఫోటోగ్రాఫరు కూడా వచ్చాడు. ఖాళీ కుండీల మధ్య అతన్ని నిలబెట్టి, అటూ ఇటూ చూశాడు.

"మొక్కలేవి సార్?"

"రాలేదు."

"పోనీ, వచ్చాక తీద్దామా?"

"వద్దులెండి. అప్పటికి మనిద్దరం ఉండం. ఇప్పుడే తియ్యండి."

ఆ నెలాఖరున సైన్సు సభ జరిగింది. పత్రిక ఆవిష్కరణ, పరిశోధకులకి సన్మానం. డీన్ వీరభద్రం గారిది భౌతికశాస్త్రం. గంభీరమైన గొంతు. ఏ కాగితం ఇచ్చినా ఒకే స్వరంలో, ఆగకుండా చదువుతారు. సాలెపురుగుని చదివారు, పేటెంటుని చదివారు, అదే ఊపులో పైడిరాజుని అందుకున్నారు.

"నాలుగు వందల పన్నెండు గింజలు నాటారు! పదకొండు పద్ధతులు ప్రయత్నించారు! యాసిడ్‌లో ముంచినవి లోపల కుళ్ళిపోయాయి! మిగిలినవి కూడా మొలవలేదు! ఇటువంటి యువకులే మన విశ్వవిద్యాలయానికి గర్వకారణం!"

హాలంతా చప్పట్లు కొట్టింది. శాలువా కప్పారు. పైడిరాజు మెట్లు దిగుతుండగా వెనక వరుసల్లో ఎవరికో మాటలు అర్థమయ్యాయి. అక్కణ్ణుంచి నవ్వు ఒక్కొక్క వరుసా దాటుకుంటూ ముందుకొచ్చింది. డీన్ గారు అది చూసి, సభ ఉత్సాహంగా సాగుతోందని సంతోషించారు.

మర్నాటి నుంచి హాస్టల్లో అతని పేరు సున్నారాజు. భోజనాల దగ్గర ఒకడు చాలా మర్యాదగా అడిగాడు.

"అన్నా, మా పెరట్లో గడ్డి ఎంత పీకినా వచ్చేస్తోంది. ఒక్కసారి వచ్చి నీ చేత్తో నాలుగు గింజలు చల్లి పోరాదూ?"

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "పత్రికలో పడ్డావటగా! ఏం రాశారు నాన్నా?"

"నా పని గురించి రాశారమ్మా."

"బాగా రాశారా?"

"ఉన్నదున్నట్టు రాశారు."

ఫెలోషిప్ పొడిగించినట్టు కాగితం వచ్చింది. పైడిరాజు దాన్ని విప్పి కూడా చూడలేదు. చదువు మానేస్తున్నానని ఒక ఉత్తరం రాసుకుని గురువుగారి గదికి వెళ్ళాడు. రెండేళ్ళ కష్టాన్ని ఊరందరి ముందూ నవ్వులపాలు చేశారన్న మాట నోటిదాకా వచ్చింది గానీ అనలేకపోయాడు. ఉత్తరం బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

పేరిందేవి గారు చదివారు. పెన్సిల్ తీసుకున్నారు. 'నిష్క్రమిస్తున్నాను' అన్నచోట వత్తు సరిచేశారు. 'అవమాణం'లో ణకారాన్ని నకారం చేశారు. కాగితం తిరిగి అతని చేతికిచ్చారు.

"శుభ్రంగా రాసుకురా."

పైడిరాజు మండిపడుతూ బయటికొచ్చాడు. లైబ్రరీలో కూర్చుని శుభ్రంగా రాయడం మొదలుపెట్టాడు. మూడు కాగితాలు పాడయ్యాయి. ఎక్కడా దిద్దడానికి వీల్లేకుండా రాయాలనుకునేసరికి అసలేం రాయాలో తోచలేదు. వారం గడిచింది. నాలుగో కాగితం మీద ఎలాగో పూర్తిచేసి, మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ గురువుగారి గదికి బయల్దేరాడు.

గది బయట ఒకామె నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుంది. చంకలో ఒక పాత పాలపొడి డబ్బా ఉంది. పాదాలకి ఎర్రమట్టి.

"ఇక్కడ పైడిరాజుగోరంటే ఎవరు బాబూ?"

ఇది కూడా హాస్టల్ వాళ్ళ పనే అనుకున్నాడు. "నేనే. ఏం, మీ పెరట్లోనూ గడ్డి పెరుగుతోందా?"

"గడ్డా? నర్సరీలో శానా ఉంది బాబూ," అంది ఆమె, ఎందుకడిగాడో తెలియక. "దాని కోసం రానేదు."

మాటలు విని పేరిందేవి గారు లోపలికి రమ్మన్నారు. ఆమె లోపలికొచ్చి గోడవారగా నిలబడి తన సంగతి చెప్పింది. పేరు బిడ్డిక చామంతి. కొండ కింద అటవీశాఖ నర్సరీలో పద్దెనిమిదేళ్ళ నుంచి మొక్కలు పెంచుతోంది.

"ఈయేడు గొడుగుమాను చెట్లు ఏడింటిలో ఒక్కటే కాసినాదమ్మా. డెబ్బై ఒక్క గింజ దొరికినాది. గట్టి గింజలేవైనా యాసిడ్లో ముంచమని మా దగ్గర పాత పుస్తకంలో ఉంది. సీసా కూడా తెచ్చి పెట్టుకున్నాను. తెల్లారితే ముంచుదును. ఈలోగా వేరే విత్తనాలు పొట్లం కడదామని, మా ఆఫీసుకొచ్చిన మీ రంగుల పుస్తకం ఒకటి చింపితే, అందులో ఈ బాబు బొమ్మ కనిపించింది. కుండీల మధ్యన ఏడుపు మొకం పెట్టుకుని ఉన్నాడు. ఎందుకేడుస్తున్నాడోనని సదివినాను."

పైడిరాజు నేల చూపులు చూశాడు.

"మీవన్నీ సచ్చిపోనాయని సదివి ఎంత సంతోషమేసిందో బాబూ!" అంది చామంతి, చెయ్యి గుండెల మీద వేసుకుని. "సీసా మూత మళ్ళా బిగించేసినాను."

డబ్బా మూత తీసి చూపించింది. పాత బట్టలో నల్లగా నిగనిగలాడుతూ గింజలు. పైడిరాజు ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. కుళ్ళని, కాలని, గీతలు పడని గొడుగుమాను గింజని చూసి అతనికి చాలా నెలలైంది.

"మీరు చేసినవన్నీ ఒక్కొక్కటీ సెప్పండి," అంది చామంతి. "అవి మానేస్తాను. మిగిలినవేటో ఆలోచిద్దుము."

పైడిరాజు ఆ మాట పూర్తిగా విన్నాడో లేదో. అతని వెన్ను నిటారైంది. ముఖం వెలిగిపోయింది. గురువుగారి వైపు తిరిగాడు.

"మేడమ్! డెబ్బై ఒక్క గింజలు! వచ్చే సంచికలో ఇది పడాలి. మొదటి పేజీలో పడాలి!"

జేబులో చెయ్యి పెడితే మడిచిన కాగితం తగిలింది. దాన్ని బల్ల మీద బోర్లా పరిచి, గురువుగారి పెన్సిల్ అందుకుని వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు. "'యువ శాస్త్రవేత్త ముందుచూపుతో అరుదైన విత్తనాలకి ప్రాణదానం.' కాదు, 'పునర్జన్మ' బాగుంటుంది. ఆ నవ్వినవాళ్ళందరికీ తలా ఒక కాపీ ఇస్తాను." అని చామంతి వైపు తిరిగాడు. "చూడండమ్మా, వైఫల్యం అంటే జనం ఏదో అనుకుంటారు. శాస్త్రంలో వైఫల్యం అనేదే లేదు. అది విజయానికి ఇంకో రూపం. నేను మొదటి నుంచీ అదే అంటున్నాను. మొదటి గింజ కుళ్ళినప్పుడే నాకు తెలుసు..."

చామంతి తలూపుతూ విన్నది. తెల్లవారకముందు బస్సెక్కిన మనిషి. అయిదు గంటల ప్రయాణంలో సగం నిలబడే వచ్చింది. డబ్బాని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది. కాసేపయ్యాక మళ్ళీ మార్చుకుంది. పైడిరాజు వైఫల్యం ముగించి, ఓర్పు గురించి మొదలుపెట్టాడు. ఆమె గోడకి కాస్త ఆనుకుంది.

పైడిరాజు రాసిందంతా ఒకసారి చూసుకుని, పెన్సిల్ పైకెత్తాడు.

"ఇప్పుడు చెప్పండి మేడమ్. దీనికి ముందేం పెడదాం?"

పేరిందేవి గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ముందు ఆవిడకి కుర్చీ వెయ్యి," అన్నారు.