ఇప్పపూలు ఆరబెట్టిన రేవు

పొద్దు పొడిచే వేళ. కొలను నిండా మంచు.

అనగనగా ఆ కొలను చుట్టూ కొండలు, కొండల చుట్టూ అడవి, నడుమ పదిళ్ళ పల్లె. ఆ పల్లెలో మత్స్యమ్మ అని ఒక తల్లి. ఆ పొద్దున ఆమెవాళ్ళు ముగ్గురు, మొగుడు గంగులు, మరిది బోడన్న, కూతురు సింగారి, మూడు దోనెల్లో వలలు తీయడానికి వెళ్ళారు.

మంచు పడితే అక్కడొక పద్ధతుంది బంగారం. రేవులో ఒకరు నిలబడి కంచు పళ్ళెం మోగిస్తారు. ఆ చప్పుడు పట్టుకునే దోనెలు ఒడ్డుకొస్తాయి. చప్పుడు ఆగిందా, దారి తప్పి, కొలను నీళ్ళు లోయలోకి దూకే చోటికి పోతాయి.

మత్స్యమ్మ పళ్ళెం మోగించింది. "ఓయ్ అమ్మా!" అని దూరంగా సింగారి పలికింది. అప్పుడు పక్కనే ఏదో గుర్రుమంది. చూస్తే ఎలుగుబంటి! రేవు బండ మీద ఆమె ఆరబెట్టిన ఇప్పపూలు తింటోంది. చదునైన బండ అదొక్కటే మరి, ఊరంతా అక్కడే ఆరబెడతారు.

ఆమె పళ్ళెం మోగించడం ఆపేసింది. మోగిస్తే దోనెలు ఎలుగు దగ్గరికే వస్తాయి. ఆపితే లోయలో పడతాయి.

అప్పుడు వెనక్కి వెనక్కి నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా. ఆ తర్వాత నడుము దాకా. ఆ తర్వాత గొంతు దాకా. పళ్ళెం నెత్తి మీదకెత్తి మోగించింది.

ఎలుగు తలెత్తి చూసింది. మళ్ళీ పూలలో మూతి పెట్టింది.

మొదట గంగులు వచ్చాడు. "ఏమే, పొద్దున్నే స్నానమా?" ఆమె మోగిస్తూనే కళ్ళతో ఒడ్డు చూపించింది.

ఆ తర్వాత బోడన్న వచ్చాడు. "వదినా, నాకెప్పుడూ ఇంత విందు పెట్టలేదే!" అని గుసగుసగా అన్నాడు.

సింగారి రాలేదు.

మోగించింది. మోగించింది. వేళ్ళు చిట్లాయి. పిలిస్తే పలుకు లేదు.

అప్పుడు భుజానికి మెత్తగా దోనె ముక్కు తగిలింది. "మధ్యలో ఎందుకాపేశావమ్మా? నీళ్ళు దూకే హోరు చెవుల్లో పడిందే!" అంటూ ఏడ్చింది సింగారి.

ఎండెక్కాక, కడుపు నిండిన ఎలుగు అడవిలోకి పోయింది. వాళ్ళు ఇంటికొచ్చారు. మత్స్యమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి తలా తడిమింది. గంగులు ఒకటి. బోడన్న రెండు. సింగారి మూడు. మళ్ళీ మొదలుపెట్టింది.

"వచ్చేశాంలే అమ్మా."

"ఉండవే."

ఒకటి. రెండు. మూడు.

కథ వెళ్ళింది కంచికి,
ముగ్గురూ వచ్చారు ఇంటికి.