తుపాకి కంటికి ఆముదం

అనగనగా, కొండలకి ఇంకా దారులు పడని రోజుల్లో, గెడ్డవలసలో ఒక దొర. తన నీడని తానే నమ్మని మనిషి. అతనికో పెద్ద తుపాకి ఉండేది. దాని నెత్తిన రెండు ఇనుప పట్టీల్లో బిగించిన దుర్భిణి. జనం దాన్ని తుపాకి కన్ను అనేవారు. కోటలో పెడితే తమ్ముడు ఎత్తుకుపోతాడని దొర అనుమానం. అందుకని తుపాకిని మోసేవాడూ, గుడిసెలో పెట్టుకుని కాచేవాడూ సన్నాసి అనే నౌకరే.

ఆ ఏడు ఒక పులి మనుషుల్ని మరిగింది. దొర వేటకి వెళ్ళాడు. మొదటి గుండు పులి చెవిని రాసుకుపోయింది. తుపాకి ఎనుబోతులా వెనక్కి తన్నింది. ఆ తన్నుకి కన్ను పట్టీల్లోంచి ముందుకి జారింది. రెండో గుండు చెట్టుకి తగిలింది.

"ఎవడ్రా నా తుపాకి కన్ను కదిపింది?" అన్నాడు దొర. అనుమానం కమ్మరి మీద. కమ్మరిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టాడు.

మళ్ళీ వేట. మళ్ళీ తన్ను. మళ్ళీ కన్ను జారింది.

"ఎవడ్రా కదిపింది?" ఈసారి మందు కూరేవాణ్ణి వెళ్ళగొట్టి, అందరి మొహాలూ చూశాడు. బరువు మోసి నొప్పెట్టిన భుజాన్ని సన్నాసి పాపం అప్పుడే తడుముకున్నాడు. ఇంకేం, గుమ్మడికాయల దొంగ దొరికాడనుకున్నాడు దొర.

"ఇంకోసారి జారిందా, పులికి ఎర నువ్వే!"

ఇక సన్నాసికీ అనుమానం పట్టుకుంది. వంటవాడు నవ్వితే అనుమానం. నీళ్ళు మోసేవాడు దగ్గితే అనుమానం. దొర తమ్ముడు పలకరిస్తే మరీ అనుమానం. మూడో వేట పొద్దున గుడిసె తలుపు సందులోంచి చూస్తే, పెళ్ళాం చిలకమ్మ వేలితో ఆముదం ముంచి పట్టీల సందుల్లో రాస్తోంది.

"ఏటే ఆ పని?"

"కన్ను గదా మావా. నిప్పు పక్కనుండే కన్ను మండదేటి? సలవకి రాసినాను. వేటకెళ్ళిన పెతీసారీ రాత్తన్నాను, నిన్ను సల్లగా సూడాలని."

కన్ను జారేది ఈ ఆముదానికేనని సన్నాసికి అప్పుడు తెలిసింది. దుర్భిణి ఊడదీసి, పట్టీల్ని పొడిబూడిదతో తోమి, మళ్ళీ బిగించాడు. "ఈ ముక్క ఎవరితోనూ అనకు. నా మీద ఒట్టు," అన్నాడు.

ఆరోజు తుపాకి తన్నింది. కన్ను కదల్లేదు. రెండో గుండుకి పులి పడింది. ఊరంతా కేరింతలు కొట్టింది. దొర మాత్రం నవ్వలేదు.

"ఇవాళ కదల్లేదంటే, ఇన్నాళ్ళూ కదిపినవాడు ఉన్నాడన్నమాట. ఎవడ్రా?"

పేరు చెబితే చిలకమ్మ బతకదు.

"నేనే దొరా," అన్నాడు సన్నాసి.

దొర అతన్ని ఏరు దాటించి అడవిలోకి తరిమేశాడు. వానాకాలం, పైగా జ్వరం. చివరికి శవమే తిరిగొచ్చింది.

చిలకమ్మ ఆముదం బుర్రతో కోటకి వెళ్ళింది. ఊరందరి ముందూ పట్టీల్లో ఆముదం రాసి, "కాల్చు దొరా," అంది. దొర కాల్చాడు. కన్ను జారింది.

"ఇన్నాళ్ళూ ఇదే జరిగింది దొరా. రాసింది నేను. నన్ను దాసినాడు ఆడు. ఇక ఒట్టేటి, ఒట్టెట్టినోడే పోనాడు."

దొరకి అనుమానించడానికి ఇక ఎవరూ మిగల్లేదు. కమ్మరిని వెనక్కి పిలిపించాడు. మందు కూరేవాణ్ణీ పిలిపించాడు. సన్నాసిని ఎక్కణ్ణించి పిలిపిస్తాడు?

ఇప్పటికీ ఆ కొండల్లో దసరాకి ఆయుధాలన్నిటికీ నూనె రాసి బొట్టు పెడతారు. తుపాకి కన్ను బిగించే పట్టీలకి మాత్రం చుక్క నూనె తగలనివ్వరు. పొడిబూడిదతో తుడిచి, బిగించి, దాని మీద చెయ్యి వేసి అంటారు:

"సన్నాసీ, పట్టు వదలకు."