పాపాఘ్ని ఇసుకలో అసర్ నమాజు

తల్లి పోయిన నెలకు యూనుస్ తను రాస్తున్న నవలను గోనెసంచిలో వేసుకుని హజ్రత్ దగ్గరికి వచ్చాడు, పొయ్యిలో పెట్టమని.

యూనుస్ అంటే ఎవరనుకున్నారు? కలిమా చదివి ముసల్మాను కాకముందు చెన్నకేశవులు. ఆ పేరుతో నాలుగు నవలలు రాశాడు. వాటిని అందరికంటే ముందు చదివిన మొనగాణ్ణి నేను, దూదేకుల పక్కీరప్పను. నాలుగూ ఒక్క ఊపిరిలో చదివాను. చదివి నేను ఏడిస్తే మా ఇంట్లో పరుపులు ఆరడానికి వారం పట్టింది. అతన్ని మా గురువు బద్రుద్దీన్ హజ్రత్ దగ్గరికి తీసుకుపోయిందీ నేనే. ఇంకొకరెవరైనా తామే అని చెబితే నమ్మకండి.

కలిమా చదివాక పాత పాఠకులు అతన్ని వదిలేశారు. మసీదు దగ్గర కొత్తవాళ్ళేమో, "కథలెందుకు భాయ్, అబద్ధాలు కదా అవి?" అన్నారు. అన్న నరసింహులు గడప తొక్కనివ్వలేదు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా తల్లి మీద నవల రాస్తూ కూర్చున్నాడు. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. ఇంతలో ఆవిడ పోయింది. అన్న కబురు పెట్టలేదు. ఎవరో చెబితే పరిగెత్తాడు. అప్పటికే అంతా అయిపోయింది.

"పోయేముందు నా పేరు ఎత్తిందా?" అని గడప బయట నిలబడి అడిగాడు.

"మా అమ్మకు నేనొక్కణ్ణే కొడుకును," అని అన్న తలుపేశాడు.

ఇదంతా హజ్రత్‌కు చెప్పి సంచి ముందుకు తోశాడు. "ఆ ఒక్క మాట తెలియకుండా ఇది పూర్తి కాదు. కల్పించి రాస్తే, పోయిన మనిషి నోట్లో మాటలు కుక్కినట్టు అవుతుంది. మీ చేత్తోనే కాల్చేయండి హజ్రత్. ఇంక రాయను. ఇంక నేను దేనికీ పనికిరాను."

హజ్రత్ సంచి వైపు చూడలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "ఏటి అవతల ఒక జబ్బు మనిషిని చూసి రావాల. అది భుజాన వేసుకో నాయనా, నడుస్తా మాట్లాడుకుందాం."

ఆయన నీళ్ళ చెంబు అందుకోబోతే నేను ఆపాను. "మీకెందుకు హజ్రత్ ఆ మోత! నేను ఇసుకలో చెలమ తవ్వితే గంగమ్మ 'వస్తి పక్కీరప్పా, వస్తి' అంటుంది." అందులో అబద్ధమేమీ లేదు. కరువు ఏడాది నేను తవ్విన చెలమలో రెండు ఊళ్ళ ఎనుములు ఈతలు కొట్టాయి.

ఆ వేసవిలో పాపాఘ్ని అంటే ఉత్త ఇసుక. సరిగ్గా నట్టేట్లో ఉండగా, పొద్దుగుంకేలోపు చదవాల్సిన అసర్ నమాజు వేళయింది. నమాజుకు ముందు మొహమూ కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి కదా, నేను పంచె ఎగ్గట్టి తవ్వాను. ఎంత తవ్వాననుకున్నారు? ఇంకొక్క జానెడు తవ్వితే భూమికి అవతలి వాళ్ళ ఇంటి కప్పు తగిలేది. చుక్క పడలేదు. ఆ రోజు తప్పంతా ఏటిది.

హజ్రత్ గోతిలోకి తొంగి చూశాడు. "ఏరా పక్కీరా, పలికిందా గంగమ్మ?"

"నిద్రలో ఉన్నట్టుంది హజ్రత్."

"లేపబాక పాపం. పైకి రా."

నీళ్ళు దొరకని చోట శుభ్రమైన మట్టితో తుడుచుకున్నా చాలు. తయమ్ముమ్ అంటాం, మా ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. హజ్రత్ కూర్చుని అరచేతులు రెండూ ఇసుక మీద ఆనించి, దులిపి, మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ ఆనించి చేతులు తుడుచుకున్నాడు. నేనూ అంతే చేశాను.

యూనుస్ నిలబడే ఉన్నాడు. "అవతల ఊళ్ళో బావి ఉంది. నేను అక్కడ కడుక్కుంటాను. మీరు కానీండి."

"అంతలోకి పొద్దు పోతాది నాయనా."

"పుట్టుకతో ముసల్మానులకు ఇది చెల్లుతుంది హజ్రత్. నేను మధ్యలో వచ్చినవాణ్ణి. నీళ్ళతో కడుక్కుంటేనే నన్ను అనుమానంగా చూస్తారు. ఇంక మట్టితో సరిపెట్టుకున్నాడంటే..."

"చూసేదానికి ఈడ ఎవరున్నారు? నేనూ, ఈ పక్కీరడూ. వీడికి వాడి గొయ్యి తప్ప ఏమీ కనపడదు."

యూనుస్ నవ్వలేదు. కాళ్ళ కింది ఇసుక వైపు చూశాడు.

"అది కాదు హజ్రత్. అమ్మ బూడిద ఈ ఏట్లోనే కలిపారంట. నీళ్ళు లేవని ఇసుకలోనే కలిపేసి పోయారంట. పక్కింటి ముసలామె చెప్పింది. ఏ తావునో ఆమెకూ తెలీదు. ఇందాకటి నుంచి అడుగు తీసి అడుగు వేయాలంటే భయంగా ఉంది. ఈ ఇసుకతో నేను మొహం ఎట్లా తుడుచుకునేది?"

నేను తవ్విపోసిన ఇసుక కుప్ప వైపు చూశాను. అంత కుప్ప ఈ జిల్లాలో ఇంకెవరూ పోసి ఉండరు. అప్పుడు మాత్రం ఆ మాట పైకి అనలేదు.

ఇసుక మీద మా నీడలు సాగిపోయాయి. హజ్రత్ యూనుస్ చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. భుజం మీది సంచి దించి, తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే," అన్నాడు, "మెల్లగా తుడుచుకో."

యూనుస్ రెండు అరచేతులూ ఇసుక మీద ఆనించాడు. ఆనించిన చేతులు ఎంతకీ పైకి తీయలేదు. పొద్దు వాలిపోతూ ఉంది. హజ్రత్ తొందరపెట్టలేదు.